కుడి పక్క తలుపు

ఇళ్ళకు లోపలి అలంకరణ చేసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందుగా ఫోను తీసి ఎవరెవరివో ఇళ్ళ ఫోటోలు చూపిస్తారు. ఇలాంటి సోఫా కావాలి, ఇలాంటి దీపాలు కావాలి అంటారు. నేను ఆ ఫోను బోర్లా పెట్టించి, కళ్ళు మూసుకోమంటాను. మీ ఏడెనిమిదేళ్ళప్పుడు మీరు పడుకున్న గది ఎలా ఉండేది, తలుపు ఎటుండేది, పొద్దున్నే వెలుగు ఎక్కడ పడేది, అని అడుగుతాను. మొదట నవ్వుతారు. కాసేపటికి గొంతు మారిపోతుంది. పెద్ద హోదాలో ఉన్న ఒకాయన, అమ్మమ్మ కుట్టుమిషను పక్కన ఉండే కిటికీ అరుగు గురించి చెప్తూ చెప్తూ ముక్కు చీదుకున్నాడు. ఆ అరుగే ఆయన కొత్త ఇంట్లో కట్టించాను. మిగతాదంతా పాత బంగళాల ఫోటోల పుస్తకాలు తిరగేసి అతికిస్తాను. ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నది ఆ పుస్తకాలే.

అలా ఊరందరి చిన్నప్పటి గదులూ కట్టి, చివరికి మా అమ్మ గది కట్టాను. కట్టకుండా ఉండాల్సింది అని మాత్రం అనలేను. ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మకి డెబ్బై ఆరు. మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. నాలుగో అంతస్తులో ఉన్న నా ఫ్లాట్లో నాతోనే ఉంటోంది. నాన్న పోయి చాలా కాలమైంది, నేను పెళ్ళి చేసుకోలేదు, ఉన్నది ఇద్దరమే. జబ్బు మొదలైనప్పుడు నన్ను నర్సమ్మా అనేది. తర్వాత టీచరుగారూ అనడం మొదలుపెట్టింది. నాకు ప్రమోషన్ వచ్చిందని ఆవిడ ముందు నవ్వేదాన్ని. స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

చిన్నప్పుడు అమ్మ నన్ను పిచ్చికా అని పిలిచేది. ఆవిడ తప్ప ఇంకెవరూ అలా పిలవలేదు, నాన్న కూడా. ఇంకో ఏడాదికి మాటే పడిపోవచ్చని డాక్టరు చెప్పిన రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస పట్టుకుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిలుపు వినాలి. అమ్మని ఆవిడ చిన్నప్పటి గదిలో కూర్చోబెడితే మిగతావన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయేమో, వాటి వెనకాలే నేనూ గుర్తొస్తానేమో అనుకున్నాను. ఆశ అలాంటిది.

పొద్దున తిన్నది గుర్తులేని మనిషికి డెబ్బై ఏళ్ళ కిందటి గది అంగుళాలతో సహా గుర్తుంది. ఆవిడ చెబుతుంటే నేను పెన్సిలుతో గీసుకున్నాను. గోడలకి నడుం ఎత్తు దాకా ఆకుపచ్చ ఆయిలు పెయింటు, పైన సున్నం. నున్నటి ఎర్ర నేల. గాజు చిమ్నీతో వేలాడే దీపం. ఎదురు గోడ మధ్యలో నిలువుటద్దం బీరువా.

"బీరువాకి ఎడమ పక్క ఏముంది?" అన్నాను.

"తలుపు. వరండాలోకి వెళ్ళేది."

"కుడి పక్క?"

"ఏం లేదు."

"అంత ఖాళీ గోడమ్మా. పటమైనా లేదా?"

"ఏం లేదని చెప్పాగా," అంటూ నా చేతిలో పెన్సిలు లాక్కుంది. ఆ జబ్బులో కోపాలు మామూలే అని సరిపెట్టుకున్నాను.

పాత బంగళాల గదుల్లో ఒక పద్ధతి ఉంటుంది. ఏదైనా జంటగా ఉండాలి. ఒక పక్క తలుపు ఉండి రెండో పక్క లేకపోతే, అక్కడ ఉత్తుత్తి తలుపు ఒకటి బిగిస్తారు. కంటికి తలుపే, తెరుచుకోదు. నా కంటికి ఆ కుడి పక్క ఖాళీ చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. అమ్మ మాట పక్కన పెట్టి అక్కడ తలుపు పెట్టమన్నాను.

వడ్రంగి మేస్త్రీ నాతో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాడు. "దీని వెనకాల ఏముందమ్మా?" అని అడిగాడు.

"గోడ. గోడవతల గాలి."

"తెరుచుకోని తలుపుకి ఇత్తడి పిడి, పైన గొళ్ళెం కూడానా? దొంగ వస్తే పాపం చచ్చేంత కష్టపడతాడు."

ఎనిమిది స్క్రూలతో తలుపుని గోడకి బిగించేశాడు. స్క్రూ తలల మీద లప్పం పూసి రంగు వేశాడు. పిడి కూడా తిరక్కుండా గట్టిగా పట్టించాడు. నేనే తిప్పి చూశాను.

గది పూర్తయ్యాక అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. గుమ్మంలో ఆగిపోయింది. ఆకుపచ్చ గోడని అరచేత్తో తడిమింది. చెప్పులు విడిచి ఎర్ర నేల మీద వట్టి కాళ్ళతో నడిచింది. అద్దంలో చూసుకుని సిగ్గుపడింది. మూడేళ్ళలో అమ్మ మొహం అలా వెలగడం నేను చూడలేదు, నా కడుపు నిండిపోయింది.

అప్పుడు కుడి పక్కకి తిరిగింది.

"ఇది తీసేశారుగా," అంది, గుసగుసగా.

"ఎవరు తీసేశారమ్మా?"

"నాన్న."

ఆ రోజంతా వీపు గోడకి ఆనించుకుని, ఆ తలుపు మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. మర్నాడు దాని ముందు వట్టి నేల మీద కూర్చుంది. మూడో రోజు చెవి ఆనించింది.

ఆ మూడో రోజు మధ్యాహ్నం పెద్ద వాన. నాలుగింటికే ఇల్లంతా మసకబారింది. కరెంటు పోయింది. వంటింట్లో పాలు కాస్తున్నాను. ముందు వాసన వచ్చింది. ఫినాయిలు వాసన, దాని అడుగున చెమట పట్టిన దుప్పటి వాసన. మా ఇంట్లో ఫినాయిలు వాడం. స్టవ్ ఆపేసి అమ్మ గదిలోకి వెళ్ళాను.

"వాడు పిలుస్తున్నాడు టీచరుగారూ," అంది అమ్మ.

"ఎవరు?"

"తమ్ముడు."

అమ్మకి తమ్ముడెవరూ లేరు. అంటే, లేరనే నాకు నలభై నాలుగేళ్ళుగా తెలుసు. పక్కన కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది.

"వాడికి జ్వరం. అంటుకునే జ్వరం. అందుకని ఆ గదిలో పెట్టారు. నాన్న నా వైపు గొళ్ళెం పెట్టి, నువ్వు మాత్రం తియ్యకు, తీశావంటే చంపేస్తానన్నాడు. వాడు రాత్రంతా కొట్టాడు. అక్కా, తియ్యవే. అక్కా, మంచినీళ్ళు. నాకు గొళ్ళెం అందుతుంది. స్టూలు ఎక్కితే అందుతుంది. నేను తియ్యలేదు. చెప్పిన మాట విన్నాను. నేను మంచిదాన్నే కదా టీచరుగారూ?"

"మంచిదానివేనమ్మా."

"పొద్దున్న కొట్టలేదు."

ఆ తర్వాత వాళ్ళ నాన్న ఆ తలుపు ఊడదీసి, ఇటుకలు పేర్చి, పైన ఆకుపచ్చ రంగు వేయించాడట. ఇంట్లో ఎవరూ మళ్ళీ వాడి ఊసెత్తలేదట. కుడి పక్క ఏం లేదని అమ్మ చెప్పింది అందుకే. నేను జంట కుదరలేదని తెచ్చి తలుపు పెట్టాను, సరిగ్గా అక్కడే.

మేస్త్రీకి ఫోను చేసి దీన్ని ఇప్పుడే పీకించేద్దామని లేచాను.

టక్... టక్...

తలుపు అడుగున. నా మోకాలి ఎత్తులో.

వాన అనుకున్నాను. పైపు అనుకున్నాను. మళ్ళీ... టక్... టక్... చిన్న చేత్తో, ఓపిక లేనట్టు.

అమ్మ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి తల ఎత్తి, చిన్నపిల్లలా నా అనుమతి కోసం చూసింది. "తియ్యనా?" అంది. "నాన్న కొడతాడా?"

వద్దని ఉంటే అయిపోయేది. ఆవిడ నా మాట వినేది. జీవితమంతా చెప్పిన మాట విన్న మనిషి. కానీ డెబ్బై ఏళ్ళు ఆ తలుపు దగ్గరే కూర్చున్న పిల్లకి ఇంకోసారి వద్దని చెప్పడం నా వల్ల కాలేదు.

"తియ్యమ్మా," అన్నాను. "ఎవరూ కొట్టరు."

గొళ్ళెం జార్చింది. పిడి పట్టుకుని తిప్పింది. అది తిరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది... లోపల గోడ లేదు. వాన వెలుగూ లేదు. చీకటి... ఆ వాసన... అమ్మ పక్కకి జరిగి, కొంచెం వంగి, ఎవరికో దారి ఇచ్చింది. తర్వాత మెల్లగా తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

నేను వెళ్ళి పిడి తిప్పాను. తిరగలేదు. స్క్రూల మీద వేసిన రంగు ఎక్కడా పగల్లేదు.

అమ్మ మంచం మీద ఒక వారగా కూర్చుని, పక్కన దుప్పటి సర్దుతోంది. గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని, ఒంచి, ఆగి, మళ్ళీ ఒంచింది. నీళ్ళు కింద పడలేదు. ఆవిడ మొహంలో అంత నెమ్మది నేను ఎప్పుడూ ఎరగను. అంత భయంలోనూ, పోనీలే, ఇదైనా దక్కింది అనుకున్నాను.

"ఈవిడెవర్రా?" అని పక్కనున్న ఖాళీని అడిగింది, నన్ను చూపిస్తూ. తల వంచి విన్నది. నవ్వింది.

"మీ పేరు పిచ్చికట కదా టీచరుగారూ. వీడు చెప్పాడు. భలే పేరు."

ఇన్నాళ్ళూ దేనికోసం కాచుకున్నానో ఆ మాట. అమ్మ నోటితోనే వచ్చింది. ఏడుపు ఆగలేదు.

"వాడికెలా తెలుసమ్మా?" అన్నాను.

అమ్మ అడిగింది. ఈసారి చాలాసేపు విన్నది. నవ్వు ఆరిపోయింది.

"అవతల ఒక పెద్దావిడ ఉందట," అంది. "మూడేళ్ళ కిందట వచ్చిందట. వీణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకునేదట. పిచ్చికా, తలుపు తియ్యవే అని రోజూ మిమ్మల్ని పిలుస్తోందట." గొంతు బాగా తగ్గించింది. "మీరే వినిపించుకోవడం లేదట."

వాన ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. అప్పుడు తలుపు మీద చప్పుడైంది, నా మొహమంత ఎత్తులో. మూడుసార్లు, ఆగి ఆగి. పరీక్షల రోజుల్లో నేను గడియ వేసుకుని చదువుకుంటుంటే అమ్మ కొట్టే పద్ధతి అది.

నా చెయ్యి నాకు తెలియకుండానే గొళ్ళెం దాకా వెళ్ళింది.

అమ్మ లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "తియ్యకండి టీచరుగారూ," అంది. "ఆవిడెవరో మనకి తెలియదు."