అద్దాల షాపు అబ్బాయి, సుంకం అడిగిన అమ్మాయి

"చౌకగ అమ్ముడు కూడా తప్పేనా మేడమ్?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కోచింగ్ సెంటర్‌లో ఇంటర్వ్యూ ప్రాక్టీసుకని శనివారాలు డిబేట్ పెడతారు. ఆ రోజు టాపిక్ యాంటీ డంపింగ్ సుంకం. మైకు ముందున్నది ఇంద్రాణి. అడ్డు తగిలింది ఎల్బీనగర్ అభిలాష్. పొద్దంతా నాన్న పాండురంగం అద్దాల షాపులో ఉండి, సాయంత్రం క్లాసుకొస్తాడు.

"చౌక తప్పు కాదండీ. సొంత దేశంలో అమ్మే ధరకన్నా తక్కువకి బయట అమ్మి, అక్కడి ఫ్యాక్టరీల్ని దెబ్బ తీస్తేనే డంపింగ్. అప్పుడు దాని మీద అదనంగా సుంకం వేస్తారు. ఒకప్పుడు అమెరికా, యూరప్, కెనడా, ఆస్ట్రేలియాలే ఎక్కువగా వేసేవి. ఇప్పుడు మనమే ముందున్నాం. బ్రెజిల్, అర్జెంటీనా, టర్కీ కూడా తగ్గట్లేదు."

"అందరు కలిసి కొట్టేది చైనానే గదా?"

"ఎక్కువ కేసులు వాళ్ళ మీదే. మన సరుకు మీదా చాలా దేశాలు వేశాయి."

"గదే నేను చెప్పేది! ఒకల మీద ఒకలు ఏసుకుంట పోతే కొనెటోడు పరేషాన్. మొన్న మా షాపుల ఒక ఆటో అన్న భార్య చైనా అద్దం కొని ఎంత మురిసిందో! సుంకం ఏస్తే ఆమె మొఖం యాడ చూసుకోవాలె?"

క్లాసంతా నవ్వింది. ఇంద్రాణి పెదాలు కూడా కదిలాయి. ఆ కాస్త నవ్వుకే అభిలాష్‌కి హుషారెక్కింది.

"అసలు సుంకం అడిగేదెవరు? చేతగాని ఫ్యాక్టరీలోళ్ళు!"

ఆమె నవ్వు ఆగిపోయింది. బ్యాగు తీసుకుని గబగబా బయటికి నడిచింది.

బయట వాన దంచుతోంది. అభిలాష్ బండి మీద అద్దాలు చుట్టే బబుల్ షీటుంటే లాగి, పరిగెత్తి ఆమె తల మీద పట్టాడు. మెట్రో మెట్ల దాకా ఇద్దరూ దాని కిందే నడిచారు.

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"సైదాబాద్‌లో మాకు చిన్న అద్దాల యూనిట్ ఉంది. చవక అద్దాలొచ్చాక సగం మెషిన్లు ఆపేశాం. సుంకం వెయ్యమని ఢిల్లీకి పెట్టిన అర్జీలో మా నాన్నగారి సంతకం ఉంది. ఆ చేతగాని వాళ్ళలో ఆయనొకరు."

మాట్లాడుతూనే కోపంగా షీటు బుడగలు టప్ టప్‌మని నొక్కేస్తోంది. మెట్లెక్కి వెళ్ళిపోయేముందు ఆఖరి బుడగ ఇంకా గట్టిగా నొక్కింది.

సోమవారం పొద్దున్నే సైదాబాద్‌లో ఆ యూనిట్ షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇంద్రాణి తండ్రి గంగాధరరావుకి తను ఇంపోర్ట్ సరుకు అమ్మేవాడినని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు బాబూ," అన్నాడాయన. "కూర్చోండి. కాఫీ తాగుతారా?"

అంతలో క్యారేజీతో ఇంద్రాణి వచ్చింది. "మీరిక్కడేంటి?"

"సారీ చెప్పనీకొచ్చిన. ఫోన్ జేస్తే ఎత్తుతలేరు."

"మీ దగ్గర నా నంబరే లేదు కదా!"

"అందుకే ఎత్తుతలేరేమో."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

మూలన అర్ధచంద్రాకారంలో ఒక అద్దం ఉంది. అభిలాష్ దాని దగ్గరే ఆగిపోయాడు. "గిసుంటి షేపులు చైనా కంటైనర్ల రావు సార్. బ్యూటీ పార్లరోళ్ళు రోజూ అడుగుతుండ్రు. మాకు చేసిస్తరా?"

చేసిచ్చారు. ఆర్డర్లు పెరిగాయి. ఆర్డర్ల పేరుతో ఫోన్లు పెరిగాయి. తర్వాత ఆర్డర్లు లేకపోయినా ఫోన్లు ఆగలేదు.

అంతలో అర్జీ మీద విచారణ మొదలైంది. సుంకం వద్దంటూ దిగుమతిదారులు రాసిన అభ్యంతరం మీద పాండురంగం సంతకం పెట్టి, కొడుకు చేతా పెట్టించాడు. అభిలాష్ ఆ సాయంత్రమే మూసారాంబాగ్ మెట్రో ప్లాట్‌ఫామ్ మీద ఇంద్రాణికి చెప్పేశాడు.

"మా షాపుల పనోళ్ళ కడుపులు కూడా చూడాలె గదా. కోపమొచ్చిందా?"

"వచ్చింది. దాచిపెట్టి ఉంటే ఇంకా వచ్చేది."

"ఇంకోటి కూడా దాచలేను. నువ్వంటే నాకు పానం."

రైలు రాగానే ఆమె ఎక్కేసింది. తలుపులు మూసుకుంటుంటే అద్దంలోంచి చెయ్యి ఊపింది. అభిలాష్ రెండు రైళ్ళు వదిలేసి అక్కడే నిలబడ్డాడు.

ఇద్దరి ప్రేమ సంగతి తెలిసి పాండురంగం గరమై షెడ్డుకి బయల్దేరాడు. వెనకే భయం భయంగా అభిలాష్.

"మా మీద కేసేసిన ఇంటి పిల్లనా మా కోడలు?"

"మీ సరుకు నా మెషిన్లు ఆపిందండీ. అయినా మీ అబ్బాయి మంచివాడని నేనే మా ఇంట్లో చెప్పాను," అన్నాడు గంగాధరరావు.

పాండురంగం తిరుగుతున్న మెషిన్ల వైపు చూశాడు. వాటి మీద ఉన్నవి తన షాపు ఆర్డర్లే.

"కేసుల మాత్రం నేను తగ్గ."

"నేనూ తగ్గను."

"మరి పెండ్లి ముచ్చట?"

"అందులో మీరెలా అంటే అలా."

"నన్నెవరూ అడగరేం?" అంది క్యారేజీతో గుమ్మంలో నిలబడ్డ ఇంద్రాణి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, తల వంచుకుని, మెల్లగా అంది.

"నాక్కూడా గీ పిలగాడే గావాలె."

"ఈ యాస ఎప్పుడు నేర్చుకున్నావే!" అని గంగాధరరావు నోరు తెరిస్తే, పాండురంగం పకపకా నవ్వాడు.