చెరిపేసిన లైసెన్స్

"ఈ కోటు మీద మరక పోతుందా?" అని అడిగాడు గువ్వ.

"పోదు. కోటే మార్చుకోవాలి," అంటూ ఇస్త్రీ షాపువాడు వెనక గది తలుపు తీశాడు.

లోపల సీక్రెట్ సర్వీస్ చీఫ్ కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద ఓ ఫోటో, రెండు కొండల మధ్య కొత్త రోప్‌వేది.

"ఓ విదేశీ ముఠా దీనికి సాఫ్ట్‌వేర్ అమ్ముతోందయ్యా. ఇవాళ మధ్యాహ్నం జనాన్ని ఎక్కించి డెమో. ఆ కోడ్ ఇదిగో, ఓసారి చూడు."

గువ్వ చూశాడు. అది తను రాసిందే. నలుగురూ ఓ చెయ్యి వేస్తారని, సగంలోనే ఓపెన్ సోర్స్‌గా నెట్‌లో పెట్టాడు.

"దొంగతనం అనలేం సార్. వాడుకోమనే ఇచ్చాను. మార్పులు చేస్తే అవీ బయట పెట్టాలి, పైన ఉన్న లైసెన్స్ అలాగే ఉంచాలి. అంతే షరతు."

"నాలుగు లైన్లు చూసి నేర్చుకుంటే నేనూ కాదనను. వీళ్ళు మొత్తం ఎత్తుకెళ్ళి పైభాగం గీకేశారు."

గువ్వ మొహం పాలిపోయింది. లైసెన్స్ కిందే ఇంకో మాట ఉండేది: 'అసంపూర్తి. స్టేషన్ దగ్గర వేగం తగ్గించే భాగం ఇంకా రాయలేదు. మనుషులను ఎక్కించవద్దు.'

"కంగారుపడకు. ముఠాలో మన ఏజెంట్ నెమలి ఉంది. సాయం చేస్తుంది."

గువ్వ ఊపిరి పీల్చుకున్నాడు. నెమలి తన పాత పార్ట్‌నర్. చలిలో కాపలా కాసేటప్పుడు కారు హీటర్ గాలిని అడక్కుండానే అతని వైపు తిప్పేది.

మెకానిక్ యూనిఫాం, కాలర్ బొత్తంలో మైక్. గువ్వ రోప్‌వే మోటార్ రూంలోకి జారుకున్నాడు. చేతి బ్రేక్ లీవర్ ఎదురుగానే ఉంది.

"అక్కడే ఆగు గురూ."

పచ్చ పట్టు గౌనులో నెమలి. చేతిలో పిస్టల్.

హీటర్ తిప్పిన చెయ్యి అదే.

"గీకేసింది నువ్వేనా?" అన్నాడు.

"వాళ్ళు శుభ్రమైన కోడ్ కావాలన్నారు. ఎలాగూ ఊరికే పంచిపెట్టావుగా, నీ పేరెవడికి కావాలి?"

"నా పేరు సంగతి వదిలెయ్. దాని కింద ఏముందో చదివావా?"

"లైసెన్స్ ఎవరైనా చదువుతారా?" పకపకా నవ్వింది.

గువ్వ ఫోన్‌లో అసలు కోడ్ తెరిచి చాపాడు. చదువుతుంటే ఆమె నవ్వు ఆరిపోయింది. కిటికీ అవతల జనం చేతులూపుతున్న క్యాబిన్, వేగం తగ్గకుండా దూసుకొస్తోంది.

"ముందే చెప్పొచ్చుగా!"

"అందుకేగా పైన రాసింది!"

పిస్టల్ కిందికి వాలింది. గువ్వ ఒక్క దూకు దూకి లీవర్ మీద వేలాడాడు. ఇనుప తాడు కీచుమంది. క్యాబిన్ ప్లాట్‌ఫాం గోడకు జానెడు దూరంలో ఊగుతూ ఆగింది.

మైక్‌లో అంతా విన్న పోలీసులు వచ్చారు. వాళ్ళ వ్యాన్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గువ్వ ఆమె మొహం చూడలేకపోయాడు. కానీ ఆమె వణుకుతోందని తెలిసి, వ్యాన్ హీటర్ గాలిని అటు తిప్పాడు.

ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నెమలి పెన్ను పక్కన పెట్టి, ఆ కాగితాన్ని మొదటి లైను నుంచి చివరిదాకా చదివింది.