తెల్లగీత, తాగని బొండాం

అన్యాయం జరిగింది ఎవరికి? పెదలంక రేవులో పాతికేళ్లు పంటు నడిపిన సరంగు నతానియేలుకు. ఎలా జరిగింది? తప్పు చేసినవారే తీర్పరులై కూర్చుని, తప్పంతా అతనిదేనని ఊరందరి ముందూ మైకులో చదివారు. ఇది ప్రేమకథే. అయితే ఆ మైకు సంగతి తేలనిదే ఇందులో ప్రేమ ముందుకు సాగదు.

2002 వర్షాకాలంలో అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ ఒకటి పెదలంక రేవులో పంటు ఎక్కింది. రెండు పడవలను జోడించి, పైన బల్లలు పరిచి, మనుషులనూ బండ్లనూ ఏరు దాటించేదే పంటు. నడిగోదావరిలో అది ఒక పక్కకు ఒరిగి మునిగింది. దేవుని దయవల్ల ప్రాణాలు పోలేదు. అందరినీ గట్టుకు చేర్చి చివరగా వచ్చిన నతానియేలు కాలు మాత్రం విరిగింది. కాయలు సముద్రం దిక్కుగా కొట్టుకుపోయాయి. ఆ వారమంతా కాట్రేనికోనలో ఇంటింటా కొబ్బరి పచ్చడేనని చెప్పుకున్నారు.

వెంటనే విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు ప్రకాశరావు. ఆ పంటు నీటిలో తిరగడానికి యోగ్యమైనదని ఏటేటా సంతకం పెట్టే పడవల ఇన్‌స్పెక్టరు ఆయనే. సభ్యుడు రామ్మూర్తి. వేలంలో రేవు పాట పాడుకున్నదీ ఆయనే, పంటు సొంతదారూ ఆయనే. సమావేశం జరిగింది రామ్మూర్తి డాబా మీద. అందులో ప్రధానాంశం పెసరట్టు ఉప్మా.

పంటు పడవల చుట్టూ బరువుకు హద్దుగా తెల్లగీత ఒకటి ఉంటుంది. అది నీళ్లలో మునిగితే బరువు మించినట్లు. “బయలుదేరినప్పుడు గీత కనబడిందా?” అని నతానియేలును అడిగారు. “కనబడిందండి,” అన్నాడతను. అబద్ధం చెప్పడం రాని మనిషి. గీత కనబడింది కనుక బరువు మించలేదు. బరువు మించలేదు కనుక పంటులో లోపం లేదు. పంటులో లోపం లేదు కనుక లోపం సరంగులోనే ఉండాలి. పెసరట్లు చల్లారకముందే న్యాయం పూర్తయింది.

నతానియేలు లైసెన్సు రద్దయింది. అతను ఇంట్లో రేవు వైపు కిటికీ మూసేసి, మళ్లీ తెరవలేదు.

అతని కూతురు లీలావతి అమలాపురంలో కాన్వెంటు స్కూలు లెక్కల టీచరు. తప్పుడు లెక్క చూస్తే ఆమెకు అన్నం సహించదు. అర్జీ మీద అర్జీ పెట్టింది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో కొత్తగా ఒక స్వతంత్ర విచారణ సంస్థ వెలిసింది. రేవులు పాట పెట్టేవారితో గాని, పడవలకు సంతకాలు పెట్టేవారితో గాని దానికి సంబంధం ఉండదట. ప్రభుత్వం ఆ సంస్థకు పేరు పెట్టింది, ముద్ర ఇచ్చింది. కుర్చీలు ఇవ్వడం మాత్రం మరిచిపోయింది.

మరుసటి ఏడాది ఒక ఆదివారం లీలావతి చర్చి నుంచి వస్తుంటే, ఏటిలోంచి తీసి గట్టు మీద దుంగలపై ఎత్తిపెట్టిన పంటు కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి.

“ఎవరండీ? లోపల దూరి ఏం చేస్తున్నారు?”

“కొలుస్తున్నానండి,” అన్నాయి కాళ్లు.

“పాత ఇనప సామాను వాళ్లా?”

“విచారణ వాళ్లమండి.” కాళ్ల వెనుక ఒక యువకుడు బయటికి వచ్చాడు. జుట్టు నిండా బురద. “నా పేరు జీవన్. విశాఖలో ఓడల నిర్మాణం చదివాను.”

“ఓడలు చదువుకుని పంటు కిందకి వచ్చేరా?” అని నవ్వి, లీలావతి ఇంట్లోకి పరుగెత్తింది. ఏడాదిగా ఎదురుచూసిన మనిషి. లేత బొండాం ఒకటి చెక్కి తెచ్చింది.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “క్షమించండి. ఈ ఊళ్లో ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదండి. రూలు.”

“మంచినీళ్లో?”

“సీసాలో తెచ్చుకున్నాను.”

“మేం విషం కలుపుతామనా?”

“అభిమానం కలుపుతారనండి. అదింకా ప్రమాదం.”

కోనసీమలో గుమ్మం ముందుకు వచ్చిన మనిషి బొండాం కాదనడమంటే ఆ ఇంటిని కాదనడమే. లీలావతి ముఖం ఎర్రబడింది. “చెక్కిన బొండాం మళ్లీ చెట్టెక్కదండి. తాగకుండా వెళ్లినవాళ్లు మా ఇంటికి బాకీ. రాసుకోండి.”

“ఏ పద్దు కింద రాయమంటారు?”

“పొగరు కింద.”

రామ్మూర్తి మర్యాదలు ఇంకా ఘనంగా జరిగాయి. కారు పంపాడు, ఏసీ గది తీయించాడు, పులస పులుసుతో క్యారియరు పంపాడు. జీవన్ అన్నీ తిప్పి పంపి, అద్దె సైకిలు మీద తిరుగుతూ మధ్యాహ్నం పూట అటుకులు నమిలేవాడు. కుర్రాడికి పొట్టలో ఏదో జబ్బని ఊరు నిర్ధారించింది.

“ఏవండీ జీవన్‌గారూ,” అన్నాడు రామ్మూర్తి ఒకనాడు, గొడుగు పట్టించుకుని రేవులోకి వచ్చి. “స్వతంత్రమంటే మరీ భోజనం దగ్గర కూడానా అండీ? పోనీ, మీ బోర్డులో నన్నొక మెంబరుగా వేయించండి. పడవల గురించి నాకంటే తెలిసినోడు ఈ జిల్లాలో ఎవడున్నాడండీ?”

“మునిగింది మీ పడవేనండి.”

“అందుకేనండి! అనుభవం.”

పక్కనే నిలబడ్డ లీలావతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జీవన్ ఆ నవ్వు చూశాడు. చూసి, కొలత తప్పు రాసుకున్నాడు. దాన్ని కొట్టేసి మళ్లీ రాస్తుంటే ఆమె అంది: “లెక్కల టీచరు ముందు కొట్టివేతలు చేయకండి. మార్కులు పోతాయి.”

స్కూలు నుంచి వచ్చే దారి అదే కనుక ఆమె రోజూ ఆగేది. ఆగినప్పుడల్లా ఒక బొండాం. అతను కాదన్నప్పుడల్లా ఒక తగాదా.

“ఇవాళ్టిది కూడా బాకీలోకే వేస్తున్నానండి.”

“మీ నాన్నగారు నిర్దోషి అని తేలాక అన్నీ ఒక్కసారే తీర్చుకుంటాను.”

“తేలకపోతే?”

“తేలకపోయినా ఉన్నదే రాస్తానండి.”

ఆ మాటకు ఆమెకు కోపం రావాలి. ఎందుకో రాలేదు. ఆ రాత్రి అన్నం సహించింది.

తరువాత ఒక సాయంత్రం వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. ఇద్దరూ పంటు కింద తలదాచుకున్నారు. చినుకులు చెక్క మీద దరువు వేస్తున్నాయి. ఏం మాట్లాడాలో తెలియక జీవన్ చాకు తీసి తెల్లగీత కింద రంగు గీకసాగాడు. పొర లేచింది. దాని కింద ఇంకొక తెల్లగీత, అంగుళం దిగువగా.

“లీలావతిగారూ, ఇటు చూడండి!”

ఇంకొంచెం గీకాడు. ఇంకొక గీత, మరింత దిగువన.

“అంటే…” ఆమె గీతల మధ్య దూరాన్ని వేళ్లతో కొలిచింది.

“ఏటా రంగు వేసినప్పుడల్లా గీతను పైకి జరిపారండి! మీ నాన్నగారికి గీత కనబడిన మాట నిజమే. కనబడకుండా ఎలా పోతుంది? నీటితోపాటు గీత కూడా మెట్లెక్కుతుంటే!”

సంబరంలో అతను ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. తరువాత అతనే, నిప్పు ముట్టుకున్నవాడిలా చేయి వదిలేశాడు. ముఖం పాలిపోయింది.

“ఇక నేను ఈ కేసు చూడకూడదండి.”

“ఏం? ఎందుకని?”

“కారణం పైవారికి చెప్పాలి. మీకు చెప్పకూడదు.”

పంటుకు తాడు చుట్టి, లక్క ముద్ర వేసి, రాత్రి బస్సుకే అతను వెళ్లిపోయాడు.

“నా ఒక్క ఫోనుతో ట్రాన్స్‌ఫరండి!” అని రామ్మూర్తి కాఫీ హోటల్లో చెప్పుకున్నాడు. చేయని ఘనకార్యానికి కూడా ఇంత ధీమాగా పేరు కొట్టేయడం పెద్దవాళ్లకే చెల్లు. లీలావతి ఆ మాట నమ్మింది. బొండాం కత్తి అటక మీదికి విసిరేసింది.

మర్నాడు స్కూలుకు బయలుదేరుతుంటే ఇద్దరు పెయింటర్లు డబ్బాలతో పంటు దగ్గర దిగారు. లీలావతి సంచి నిండా పరీక్ష పేపర్లతో వెళ్లి పంటు మీదెక్కి కూర్చుంది. గొడుగు విప్పింది. ఎర్ర పెన్ను తీసింది.

“టీచరుగారండీ, కొంచెం లెగుస్తారా అండీ? రంగేయాలండి.”

“లేవనండి.”

“ఆయ్. అలాగేనండి.”

ఆ ఊళ్లో దొంగ రంగు వేయడానికి మనుషులు దొరుకుతారు. టీచరుగారిని లెమ్మని రెండోసారి అనగలిగినవాడు మాత్రం దొరకడు. పెయింటర్లు ఎదురుగా చతికిలబడి బీడీలు కాల్చారు. సాయంత్రం రామ్మూర్తి స్వయంగా వచ్చి “అమ్మా, జలుబు చేస్తుందమ్మా,” అన్నాడు. “ఆయ్, చేస్తుందండి,” అని ఆమె తరువాతి పేపరు తీసింది. చీకటి పడితే నతానియేలు కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఏడాది తరువాత మొదటిసారి రేవులో కాలు పెట్టి, కూతురి పక్కన కూర్చున్నాడు.

రెండు రోజులకు కొత్త అధికారి దిగింది. పేరు భవానీదేవి. తెల్ల జుట్టు, భుజాన సొంత నీళ్ల సీసా. పంటు మీది లీలావతిని కింది నుంచి పైదాకా చూసింది.

“సాక్షి కూతురు సాక్ష్యం మీద కూర్చోకూడదు.”

“కూర్చోకపోతే సాక్ష్యమే మిగిలేది కాదండి.”

“రెండూ రాస్తాను. ఇక దిగు.”

నెల తిరగకుండా రేవులో షామియానా వేసి బహిరంగ విచారణ పెట్టారు. మైకు పాతదే. నతానియేలు పరువు తీసిన మైకే. భవానీదేవి దాన్ని దగ్గరకు లాక్కుంది.

“ఈ వ్యవహారంతో ఎవరికి ఏ సంబంధం ఉందో ముందు చెప్పాలి. మా నియమం అది. ప్రకాశరావుగారూ?”

“నాకేం సంబంధం లేదండి.”

“పంటు యోగ్యమని సంతకం పెట్టింది మీరే కదా. దగ్గరగా చూసే పెట్టారా?”

“రామ్మూర్తిగారి డాబా మీద నుంచి చక్కగా కనబడుద్దండి.”

జనం గొల్లుమన్నారు. భవానీదేవి నవ్వలేదు.

“మా సంస్థలోనూ ఒకరికి సంబంధం ఏర్పడింది. మొదట వచ్చిన జీవన్ అనే అధికారికి సరంగు కుమార్తె లీలావతి మీద ప్రేమ కలిగింది. ఎవరూ అడగకముందే ఆ సంగతి నాకు చెప్పి విచారణ నుంచి తప్పుకున్నాడు. ఆమెకు తెలియనివ్వలేదు. అతను గీకిన చోటును నేను లెక్కలోకి తీసుకోలేదు. రెండో పడవ పక్కన వేరుగా గీకించాను. అక్కడా అవే గీతలు.”

మైకు గుయ్యిమంది. ఊరంతా ఒక్కసారి వెనక్కి తిరిగి లీలావతిని చూసింది. ప్రేమ సంగతి చెవిలో చెబితే ఆడపిల్ల తల వంచుకుంటుంది. నాలుగు హారన్లలో చెబితే ఏం చేయాలి? ఆమె గొడుగు విప్పి, ఎండలేని చోట దాని వెనక దాక్కుంది. గొడుగు మాత్రం వణికింది.

“అట్టడుగున ఉన్నదే అసలు గీత. దాని ప్రకారం, లారీ సగం ఎక్కేసరికే పంటు బరువు మించింది. సరంగు తప్పు లేదు. ఎవరినీ శిక్షించే అధికారం మాకు లేదు. జరిగింది దాచకుండా చెప్పడమే మా పని. హద్దు గీత గీసే పని ఇకమీదట పాటదారుకు గాని, పాటదారు ఇంట్లో ఫలహారం చేసేవారికి గాని ఇవ్వరాదని మా సిఫారసు.”

నతానియేలు కర్ర ఊని లేచాడు. “నాకు ఇంకేం వద్దండి. ఆ మైకులో అన్నదాన్ని ఆ మైకులోనే వెనక్కి తీసుకోమనండి.”

అందరూ రామ్మూర్తి వైపు చూశారు. ఆయన కండువా సర్దుకుని, మైకుకు దూరంగా నోరు పెట్టి అన్నాడు: “తప్పు నతానియేలుగారిది కాదండి. మాదేనండి.”

“వినబడలేదండీ!” అంది వెనుక వరుస.

రెండోసారి వినబడింది. నతానియేలు ఇంట్లో రేవు వైపు కిటికీ ఆ సాయంత్రం తెరుచుకుంది.

సరంగుకు లైసెన్సు తిరిగొచ్చి, విచారణ కాగితాలన్నీ మూసిన తరువాత గాని జీవన్ పెదలంక రాలేదు. అవతలి రేవులో కొత్త పంటు ఎక్కాడు. చుక్కాని దగ్గర నతానియేలు. బల్ల మీద లీలావతి. ఆమె ముందు బొండాల గెల.

“ఇప్పుడు ఈ ఊరితో నాకు అధికారికంగా ఏ సంబంధమూ లేదండి,” అన్నాడు.

“అనధికారికంగానో?”

“అది మైకులో విన్నారు కదా.”

“విన్నాను. ముందు నాకు చెప్పాల్సింది. మా పాలెంలో పసిపిల్లలు కూడా ‘మైకు పెళ్లికూతురు’ అంటున్నారు.” కళ్లు తుడుచుకుని కత్తి తీసింది. “మీరు రామ్మూర్తిగారి ఫోనుకి తలొగ్గి వెళ్లిపోయేరనుకున్నానండి. ఆ తప్పు నాది.”

జీవన్ చుక్కాని వైపు తిరిగాడు. “అయ్యగారూ, మీ అమ్మాయిని…”

“వచ్చే ఆదివారం మీ పెద్దోళ్లని తీసుకురండి బాబూ,” అన్నాడు నతానియేలు, నీటి మీద నుంచి చూపు తిప్పకుండా. “ముందు ఆ బాకీ సంగతి చూడండి. ఏరు దాటేలోపల తేలాలి.”

అతను కాదన్నవన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒకదాని తరువాత ఒకటి చెక్కి ఇచ్చింది. అతను ఒకదాని తరువాత ఒకటి ఎత్తి తాగాడు. చొక్కా తడిసింది, ఊపిరి ఆడలేదు, పంటు మీది జనం చప్పట్లు కొట్టారు. కొత్త తెల్లగీత నీటికి జానెడు పైన, ఉండవలసిన చోటే ఉంది.

గట్టు దగ్గరపడుతుండగా చివరి బొండాం అతను కింద పెట్టాడు. లీలావతి దాన్ని అందుకుని బోర్లించి, లెక్కల టీచరులా పట్టి పట్టి చూసింది.

ఒక్క చుక్క రాలలేదు.