గోదారికిచ్చిన మూట

కార్తీక సోమవారం పొద్దున్నే దేవుని గూట్లో దీపం పెట్టి, పక్క అరలోకి చేయి పోనిచ్చింది నిర్మలాదేవి. మామ పురాణాల మధ్య పెట్టుకున్న లైబ్రరీ పుస్తకాలు రెండూ లేవు. ఒకటి అట్ట ఊడిన పాత నవల. రెండోది నక్షత్రాల సంగతులు చెప్పే, అంచులు చిరిగిన సైన్సు పుస్తకం.

అర అంతా మళ్ళీ తడిమి చూసింది. డెబ్బై ఎనిమిదిలో మంథనిలో కోడళ్ళు లైబ్రరీకి పోవడం అరుదు. ఆరు నెలలు బతిమాలితే భర్త జైపాల్‌రావు సంతకం పెట్టి కార్డు ఇప్పించాడు. పుస్తకం పోతే కార్డు ఆపేస్తారు.

"అత్తమ్మా, నా పుస్తకాలు చూసిన్రా?"

గోదావరి స్నానం చేసొచ్చి తడిచీర ఆరేస్తున్న రుక్మాబాయి తిరిగి చూసింది. "మీ మామ పురాణాలకు చెదలు పట్టింది గద. చినిగినయన్నీ మూటగట్టి గోదారి తల్లికిచ్చిన."

శిథిలమైన పురాణాన్ని ఆ ఇంట్లో చెత్తలో వేయరు. పసుపు కుంకుమలు పెట్టి నీళ్ళలో కలుపుతారు.

"అట్ట మీద చుక్కలున్న పుస్తకం?"

"అది గూడ. చుక్కలు జూసి ధ్రువుని కథ అనుకున్న."

"అనుకున్నరా, కావాల్ననే చేసిన్రా? నేను చదువుడు మీకు మొదటి సంది గిట్టదు! పాలు పొంగితే కథలల్ల మునిగిందని వాడకట్టంత చెప్పిన్రు!"

"జర మెల్లగ, నిర్మలా. అవ్వకు చదువు రాదని నీకెరుకే గద" అన్నాడు లోపలి నుంచి వచ్చిన జైపాల్‌రావు, తల్లి వైపు చూస్తూ.

"తమకు రానిది కోడలికెందుకు అనుకున్నరేమో!"

అన్నాక నాలుక కరుచుకుంది. రుక్మాబాయి చీర కొంగు దులిపి, మెల్లగా అరుగు మీద కూర్చుంది.

"అవు బిడ్డా, రాదు. మా బాపు తమ్ములకు పంతులును పెట్టిండు. నన్ను పొయ్యికాడ కూసోబెట్టిండు. మీ మామ నలభై ఏండ్లు పురాణం చదివిండు, నేను దండం పెట్టిన. ఏది దేవునిదో, ఏది నీదో నాకెట్ల తెలుస్తది? అన్నిటికీ బొట్టు పెట్టే పంపిన."

నిర్మల వచ్చి అత్త పక్కన కూర్చుంది. అక్షరాన్ని ఇంత భక్తిగా కొలిచిన మనిషికి ఒక్క అక్షరం కూడా అందకపోవడం ఏ దేవుడు కోరుకున్నాడు? తాను మాత్రం ఏం చేసింది? రోజూ మధ్యాహ్నం కూతురికి పైకి చదివి వినిపించింది. అత్తను ఒక్కనాడూ పిలవలేదు.

"నడువు, లైబ్రరీకి పోదాం" అంది రుక్మాబాయి. "నా తప్పు నేనే చెప్పుకుంట."

లైబ్రరీలో గుమస్తా సాంబయ్య అంతా విని తల గోక్కున్నాడు. "దొరసానీ, పుస్తకాలు మళ్ళ తెచ్చిచ్చేదాక ఈమె కార్డు నడువది."

"నడువకుంటే మానె. నా పేరు మీద ఇంకోటి రాయి."

"మీకు చదువు రాదంటిరి?"

"చదివేటామె ఇంట్ల ఉన్నది. వేలిముద్ర ఏడ పెట్టాలె?"

సాంబయ్య నవ్వుతూ సిరా పెట్టె తీశాడు. వేలు ఒత్తి, కోడలి వైపు వంగింది రుక్మాబాయి.

"గా నవలల పిల్ల వరదల కొట్టుకపోయింది గద. బతికిందా? నిన్న నువ్వు గాడ్నే ఆపినవ్. వంటింట్ల నుంచి ఇన్న. రాత్రంత పరేషానే."

నిర్మల కళ్ళు నిండిపోయాయి. "నేనూ గంతవరకే చదివిన, అత్తమ్మా. నాకూ తెల్వదు."

"అయ్యో!" రుక్మాబాయి సాంబయ్య వైపు తిరిగింది. "అయితే ముందుగాల గా నవలనే ఇంకోటి తెప్పియ్యి, అయ్యా. గా పిల్లను మేమే నీళ్ళల్ల ఇడిసిపెట్టి వచ్చినట్టుంది."