అబిగయీలు చెప్పని సాక్ష్యం

ఆదివారం పొద్దున రెజీనాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద పులుసు మరుగుతుంటే ఆమె కళ్లు గడియారం మీద ఉన్నాయి. మైపాడు మందిరంలో ఈరోజు కృతజ్ఞత కూడిక. పదకొండేళ్ల కూతురు అబిగయీలు దేవుడు చేసిన మేలు గురించి మైకులో సాక్ష్యం చెప్పాలి. పుట్టు చెవిటి పిల్లకు ఆపరేషన్ జరిగి మాట వచ్చినందుకు సంఘమంతా స్తోత్రం చెప్పాలి. ఆ పిల్లేమో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన చెవి మిషను నెలగా ముట్టుకోవడం లేదు. ఎంత మొండిదో చూడండి!

రెజీనా బతిమాలింది, బెదిరించింది, చివరికి తానే తగిలించబోయింది. అబిగయీలు విదిలించుకుని గోడకు ఆనుకుంది.

ఆటో తుడుస్తున్న టైటస్ ఈ ఒక్కపూటకు వదిలేయమని భార్యకు చెప్పాడు. రెజీనాకు ఒళ్లు మండిపోయింది. వారం వారం నెల్లూరు బస్సెక్కి పిల్లకు మాటలు నేర్పించుకొచ్చింది తను. వదిలేయమని చెప్పడం ఎవరికైనా తేలికే.

"అది మళ్లీ మూగదైపోతే రేపు దాన్ని ఎవరు చూస్తారయ్యా?" అంది.

తల్లి పెదవులనే చూస్తున్న అబిగయీలు ఆ మాట పట్టేసింది.

"మూగ కాదు నేను," అంది ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "బాక్సు పక్కన కూర్చోబెడతావు. పాట, డప్పు, అందరూ ఒకేసారి. మాట తెలీదు. గోల. తల పగిలిపోతాది."

పిల్లకు బాగా వినబడాలనే కదా, రెజీనా ప్రతి ఆదివారం అందరికంటే ముందు పోయి ఆ స్పీకర్ బాక్సు పక్కనే చాప పరిచింది! ఇంటికొచ్చి పిల్ల ముసుగు తన్ని పడుకుంటే బద్ధకమని తిట్టింది కూడా.

"నాకు చెప్పలేదేందే?"

"చెప్పినా. చేతులతో. నువ్వు చేతులు పట్టుకున్నావు. మిషను తీస్తే మొహం తిప్పుకుంటావు."

అదీ నిజమే. సైగలకు బదులిస్తే మాట రాదని ఎవరో అంటే, రెజీనా ఆ మాటే పట్టుకుని కూర్చుంది. తన కడుపున పుట్టిన పిల్లకు తానే మొహం చాటేసింది.

రేపు నెల్లూరు పోయి మిషనులో శబ్దం తగ్గించి పెట్టిస్తామనీ, ఆ తర్వాత పెట్టుకోవడం నీ ఇష్టమనీ టైటస్ కూతురి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాడు. రెజీనా కాదనలేదు.

మందిరంలో ఆమె కూతురితో వెనక వరసలో కూర్చుంది. పాస్టరు అయ్యగారు అబిగయీలు పేరు పిలిస్తే తనే లేచింది.

"సాక్ష్యం నేను చెప్తానయ్యగారూ. మా పాప మిషను పెట్టుకోలా. దానికి నొప్పి. అది చెప్తానే ఉండింది, నేనే వినలా."

ఎవరూ స్తోత్రం అనలేదు. అబిగయీలు తల్లి కొంగు లాగి, ఏం చెప్పావని చేత్తో అడిగింది. రెజీనా ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తెలిసీ తెలియని సైగలతో చెప్పబోయింది. ఏదో తప్పు చూపించినట్టుంది, అబిగయీలు నవ్వి, తల్లి వేళ్లు పట్టుకుని సరిచేసింది.

అప్పుడు ఏడ్చింది రెజీనా.