హన్నా ఎవరి బిడ్డ?

గురువారం పొద్దున రాజేశ్వరి టీ మరిగిస్తుంటే భర్త జితేందర్ ఒక కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కూతురు కవిత పెళ్ళి వచ్చే నెలలో, జగిత్యాలలో. కాగితం మీద ఉన్నది పెళ్ళికార్డులో అచ్చు వేయించాల్సిన మాటలు.

"మేనమామ పేరు లేని లగ్గం కార్డు యాడన్న చూసినవా?" అన్నాడు.

"చూడకుంటె ఇప్పుడు చూడు."

"రేపు పొద్దుమీకి ఇక్బాల్ భాయ్ ఇండియా పోతున్నడు. గీ కాయిదం ఆయన చేతుల పెట్టినంక మళ్ళ మార్చరాదు. మంచిగ ఆలోచన చెయ్యి."

"చేసిన. నాకు అన్న లేడు."

ఉన్నాడు. పేరు భీమన్న, ఈ గల్ఫ్ దేశంలోనే నిజ్వాలో తాపీమేస్త్రీ. బస్సెక్కితే రెండు గంటల దారి. రెండేళ్ళ క్రితం తండ్రి పోయినప్పుడు టెలిగ్రాం అతని కంపెనీకి వచ్చింది. చెల్లెలికి చెప్పకుండా ఆ రోజే విమానం ఎక్కి, నెలరోజులుండి, తిరిగొచ్చాక చెప్పాడు. తండ్రి ముఖం ఆఖరిసారి చూడలేకపోయిన రాజేశ్వరి ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. ఇంటికొస్తే తలుపు తీయలేదు, ఫోన్ చేస్తే పెట్టేసింది. ఆమెకు కోపం రావడం తక్కువ. వచ్చిందంటే అంత తొందరగా పోదు.

జితేందర్ టీ తాగకుండానే డ్యూటీకి వెళ్ళాడు. అల్ మవాలేలోని ఒక పెద్ద ఇంట్లో అతను డ్రైవరు, ఆమె వంటమనిషి. ఇంటి యజమాని అమెరికన్ ఇంజనీరు, ఆయన భార్య మార్జరీ. రాజేశ్వరి ఆవిడను అమ్మా అనే పిలుస్తుంది.

మార్జరీ అమ్మకు పూర్వీకుల పిచ్చి. భోజనాల బల్ల మీద భోజనానికి చోటు దొరికి చాలా కాలమైంది. రెండువందల ఏళ్ళనాటి భూముల కాగితాల నకళ్ళు, వీలునామాలు, ఎవరిదో బైబిలు మొదటి పేజీలో రాసుకున్న పుట్టుకలు, చావులు. బతికున్నవాళ్ళకు ఉత్తరం రాయడానికే బద్ధకించే రోజుల్లో, ఈవిడ చనిపోయినవాళ్ళ కోసం నెలకు పది ఉత్తరాలు రాస్తుందని రాజేశ్వరి లోలోపల నవ్వుకునేది.

"ఈ హన్నా ఉంది చూడు," అంది మార్జరీ అమ్మ ఆ రోజు. "మా ముత్తవ్వకు ముత్తవ్వ. మొగుడు దొరికాడు, ఆరుగురు పిల్లలు దొరికారు, వాళ్ళ ఆస్తి లెక్కలో ఒక ఎర్రావు కూడా దొరికింది. ఆమె ఎవరి బిడ్డో మాత్రం దొరకలేదు. పదకొండేళ్ళయింది."

రాజేశ్వరికి ఇంగ్లీషు చదవడం రాదు, వచ్చీరాని మాటలతో నెట్టుకొస్తుంది. అందుకే ఆమె కళ్ళు అక్షరాల మీద కాకుండా కింద ఉన్న గీతల మీద పడ్డాయి.

"ఈ కోడికాలు లాంటి గుర్తు మూడు కాగితాల మీద ఉంది అమ్మా."

"చదువు రాని సాక్షి గుర్తు అది. థామస్ వియర్. పక్క పొలం అతను."

"ఏం కాగితాలివి?"

మార్జరీ అమ్మ ఓపికగా చెప్పింది. మొదటిది హన్నా మొగుడు భూమి కొన్న కాగితం. రెండోది మొగుడు పోయాక హన్నా అందులో ఒక పొలం చెక్క అమ్మినప్పటిది. మూడోది పిల్లల బాధ్యతను కోర్టువాళ్ళు థామస్‌కు అప్పగించినది.

"మొగుడు పోయాక పక్కన నిలబడ్డాడు. పిల్లల్ని చూసుకున్నాడు," అంది రాజేశ్వరి బల్ల తుడుస్తూ. "పక్క పొలం వాడికి ఏం పట్టింది అమ్మా? ఆమె అన్నో తమ్ముడో అయ్యుంటాడు. మా దగ్గర మేనమామే కదా నిలబడేది."

అనేశాక ఆమె చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

మార్జరీ అమ్మ లేచి, అలమర కింద నుంచి పాత చెప్పుల డబ్బా ఒకటి లాగింది. తమ ఇంటిపేరు కానివాళ్ళ కాగితాలన్నీ పనికిరావని అందులో పడేసిందట. గంటసేపు వెతికితే ఒక ముసలి వియర్ వీలునామా బయటపడింది. ఆవిడ వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివింది.

"నా కొడుకు థామస్‌కు ఇల్లు... నా బిడ్డ హన్నాకు, అనగా జేకబ్ భార్యకు, ఎర్రావు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ ఇది మా ఇంట్లోనే ఉంది రాజేశ్వరీ. మొగుడి ఇంటిపేరు పట్టుకుని వెతికాను. అన్నను పక్కన పడేసి ఆమెను వెతికితే ఎలా దొరుకుతుంది?"

రాజేశ్వరి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఏడుపు వచ్చేసింది. తను కూడా అదే పని చేస్తోంది. రేపు కవితకు మనవరాలు పుట్టి, ఆ పెళ్ళికార్డు చేతికి దొరికితే, మా ముత్తవ్వ ఎవరి బిడ్డ అని అడిగితే, ఆ కాగితం ఏం చెబుతుంది?

మధ్యాహ్నం మార్జరీ అమ్మను అడిగి ఫోన్ తీసుకుంది. నిజ్వాలో భీమన్న రూమ్ పక్క దుకాణం నంబరు జితేందర్ ఇచ్చాడు, అది అతని దగ్గర ఎప్పుడూ ఉంది. ఆమెకు తెలియకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారని అప్పుడు తెలిసింది. దుకాణం అతను భీమన్నను పిలిచాడు.

"అన్న, నేను."



"చెప్పు చెల్లె."

"కవిత లగ్గం. నాకు ఒడిబియ్యం ఎవలు పోస్తరు?"

శుక్రవారం మొదటి బస్సుకే భీమన్న దిగాడు. చేతిలో సంచి, అందులో ఆడబిడ్డ కొంగులో పోయడానికి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికగుడ్డ. చంకలో ప్లాస్టిక్ కవరు. ఏం మాట్లాడాలో తెలియక ముందు ఆ కవరే చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నాయిన భూమికి విరాసత్ చేయించిన, వారసుల పేర్లు ఎక్కించిన. మండలాఫీసు సుట్టు తిరిగేసరికి నెల పట్టింది. చూడు."

రాజేశ్వరి విప్పి చదివింది. తండ్రి పేరు కింద వారసుల వరుసలో రెండు పేర్లు. భీమన్న, కొడుకు. రాజేశ్వరి, బిడ్డ.

"నీ పేరు లేకుంటె నాయినకు నేనొక్కన్నే అనుకుంటరు గద," అన్నాడు.

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తె గద. అయినా నాయిన పోయిన దినం నీకు కబురు చెయ్యకపోవుడు నాదే తప్పు. నోరు రాలేదు చెల్లె, నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ఒక్కన్నే ఉరికిన."

రెండేళ్ళుగా తను పేరు తుడిచేసిన మనిషి, రెండేళ్ళ క్రితమే తన పేరు రాయించి దాచాడు. రాజేశ్వరి అన్న భుజం మీద తల పెట్టి, తండ్రి కోసం ఆ రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. జితేందర్ బయటికి వెళ్ళి కారు తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని కార్డు కాగితం తెప్పించుకుంది. పెన్ను తీసుకుని తన చేత్తోనే రాసింది. మేనమామ, భీమన్న. అప్పుడు పీట మీద కూర్చుని కొంగు పట్టింది.