ఒక్క పిల్ల మిగిలిన బడి

సోమవారం పొద్దెక్కినా బడికి ఒక్క పిల్లే వచ్చింది! శనివారం దాకా పద్నాలుగు మందితో కిటకిటలాడిన వసారాలో, చెప్పులు కుట్టే మొగిలయ్య కూతురు సుగుణ ఒక్కతే పలక పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. వంటింటి గడప దగ్గర నుంచి సమ్మమ్మ చూసింది... ఇది తన పనే!

ఆమె భర్త గట్టయ్య హనుమకొండలో సువార్త చెప్పే మనిషి. ఏ వాడ పిల్లనైనా కాదనకూడదు, అందరూ ఒకే చాప మీద కూర్చోవాలి, ప్రార్థనకు ఎవరినీ బలవంతపెట్టకూడదు అన్న నమ్మకంతో తన వసారాలోనే ఆ బడి పెట్టాడు. ఆ వసారా అలికింది సమ్మమ్మ! నీళ్ళు మోసింది సమ్మమ్మ! కానీ మొదటి రోజున సంఘపెద్దల ముందు ఆయనేమన్నాడు? "ఈ బడికి తల్లి మా రాజేశ్వరి పంతులమ్మ" అన్నాడు! పిల్లల్లేని సమ్మమ్మ కడుపులో నిప్పు పోసినట్టయింది. రాజేశ్వరి భర్త పోయిన మనిషే, కానీ చదువుకుంది, తీయగా పాడుతుంది, పిల్లలు ఆమె కొంగు వదలరు... ఆ కుళ్ళు పట్టలేక సమ్మమ్మ, శనివారం సాయంత్రం బట్టల దుకాణం వెంకట్రాజం భార్యతో అనేసింది: "మీ బిడ్డ పక్కన ఎవల బిడ్డ కూసుంటాందో ఎరుకేనా?"

ఇంతలో వెంకట్రాజమే వచ్చాడు. "పంతులమ్మా, ఆ పిల్లను ఇంటికి తోలుండ్రి. రేపే మా పిల్లలందరొస్తరు."

గట్టయ్య నోరు తెరిచేలోపే రాజేశ్వరి లేచింది. "ఈ పిల్లను తోలినంక ఇది బడెట్లయితది సావుకారీ? కావాల్నంటె నేనే పోత."

వెంకట్రాజం విసురుగా వెళ్ళిపోయాడు. సమ్మమ్మ ఇక ఆగలేకపోయింది. "నేనే చెప్పిన చెల్లే... నీ మీది కుళ్ళుతోని నేనే చెప్పిన!" అని కూలబడింది.

"నాకు నిన్ననే తెలిసిందక్కా," అంది రాజేశ్వరి, కళ్ళు తుడుచుకుంటూ. "నీ ఇంట్లనే నీకు జాగ లేకుంట చేస్తినని నాకు సుత దుఃఖమే..."

గట్టయ్య తల దించుకున్నాడు. "తప్పు నాది సుత ఉన్నది, సమ్మమ్మా. నీ కష్టం నా కండ్లకు ఆనలే."

ఆ సాయంత్రమే సమ్మమ్మ గడప గడపకూ వెళ్ళి తన తప్పు చెప్పుకుంది. కొందరు తలుపులు వేసుకున్నారు. వారం లోపల ఐదుగురు తిరిగి వచ్చారు. వెంకట్రాజం కూతురు మాత్రం రానే లేదు.

రాజేశ్వరి పాట అందుకుంటే సమ్మమ్మకు ఇప్పటికీ ఒక్కోసారి గుండెలో కలుక్కుమంటుంది... అయినా పని ముగించుకుని, పలక తీసుకుని సుగుణ పక్కనే చాప మీద కూర్చుంటుంది. అక్షరం ముక్క రాని సమ్మమ్మ మొదటి రోజు రాసిన అక్షరం వంకర పోయింది.

"గట్ల గాదు పెద్దమ్మా!" అంటూ సుగుణ ఆమె చేయి పట్టుకుని దిద్దించింది.